ఒకదాన్నెక్కి, ఇంకోదాన్ని పక్కన పట్టుకుని: జోడు కుదరని రెండు పోనీలకు ఒకేసారి వ్యాయామం

ఉన్నది గంట సమయం, పోనీలు, అంటే పొట్టి జాతి గుర్రాలు, రెండు, రౌతు ఒక్కరే. ఒకదాన్నెక్కి రెండోదాన్ని తాడుతో పక్కన నడిపిస్తే రెండింటికీ ఒకేసారి పని పడుతుంది. రెండూ ఒకే ఎత్తు, ఒకే నడక అయితే ఇది పెద్ద విద్య కాదు. చిక్కల్లా జోడు కుదరనప్పుడే. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. ఒకటి అంగలు వేస్తుంది, ఇంకోటి గునగునా నడుస్తుంది. ఒకదానికి దమ్ముంది, ఇంకోదానికి పొట్ట ఉంది. కాడికి కట్టిన ఎడ్లయితే వాటి తేడాని కాడే కాస్త సర్దుతుంది. ఇక్కడ కాడి లేదు, మీ చెయ్యి ఉంది. అందుకే వేగం ఎప్పుడూ నెమ్మదిగా నడిచేదాన్ని బట్టి, సమయం ఎప్పుడూ దమ్ము తక్కువున్నదాన్ని బట్టి పెట్టుకోవాలి. దమ్మున్నదానికి తగ్గిన వ్యాయామాన్ని ఎలా పూడ్చాలో కింద చెబుతాం. తాడు లాగి మాత్రం పూడ్చలేరు.

మీరు ఎక్కినదాన్ని సవారీ పోనీ అనీ, తాడుతో వచ్చేదాన్ని పక్క పోనీ అనీ అనుకుందాం.

అసలు ఈ జత పనికొస్తుందా?

రెండూ కొన్ని వారాలుగా ఒకేచోట మేస్తూ, ఒకదాని పక్కన ఒకటి ప్రశాంతంగా నిలబడేవై ఉండాలి. కొత్తగా తెచ్చిన పోనీని మూడో రోజే పక్కన కట్టుకుని బయల్దేరితే, వాటి మధ్య తేలని పెత్తనం మీ మోకాలి దగ్గర తేలుతుంది. తన్నే అలవాటున్నదాన్ని ఈ పనికి అసలు తీసుకోవద్దు. ఆ తన్ను పడేది మీ కాలి మీదో, పక్కదాని భుజం మీదో. విత్తనానికి ఉంచిన మగదాన్ని ఆడదాని పక్కన తీసుకెళ్లడం కూడా వద్దు.

సవారీ పోనీ ఒంటిచేత్తో పట్టిన పగ్గాలకు తిరగాలి, ఆగాలి, రెండడుగులు వెనక్కి వేయాలి. పగ్గం మెడకు ఒకవైపు ఆనగానే అవతలివైపుకు తిరగడం నేర్చి ఉంటే సగం పని అయినట్టే. పక్క పోనీ, మీరు నేల మీద నడుస్తూ పట్టుకున్నప్పుడు, మాట వినగానే కదలాలి, మాట వినగానే ఆగాలి.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. గుర్రాల్ని మనం ఎప్పుడూ వాటి ఎడమవైపు నిలబడి నడిపిస్తాం. పక్క పోనీ మీకు కుడివైపున ఉంటే మీరు దాని ఎడమకే ఉంటారు కాబట్టి దానికి వింతేమీ ఉండదు. అదే మీకు ఎడమవైపున ఉంటే మీరు దాని కుడి పక్కకు వస్తారు. ఆ వైపు నుంచి ఎన్నడూ ఎవరూ నడిపించని పోనీ బెదురుతుంది, మొండికేస్తుంది, లేదా మీ ముందు నుంచి చుట్టూ తిరిగి తనకు అలవాటైన వైపుకు రావాలని చూస్తుంది. అందుకని ముందుగా నేల మీదే, కుడివైపు నుంచి నడిపించడం ఓ వారం అలవాటు చేయండి.

దేన్ని ఎక్కాలి?

మొదట బరువు చూడాలి. రౌతు, జీను, మిగతా సామాను అంతా కలిపి పోనీ బరువులో 20 శాతం దాటకూడదన్నది చాలామంది పాటించే హద్దు. వ్యాయామం తప్పినదానికీ, వయసు మళ్లినదానికీ ఇంకా తగ్గించాలి. 280 కిలోల పోనీ అయితే 56 కిలోలు. అందులో జీను, కళ్ళెం 7 కిలోలు పోతే రౌతుకు మిగిలేది 49. ఈ లెక్కతోనే చాలా ఇళ్లలో ప్రశ్న తీరిపోతుంది.

రెండూ మోయగలిగితే పెత్తనం చేసేదాన్ని ఎక్కండి. మేత దగ్గర ఏది ఏదాన్ని తోలేస్తుందో చూస్తే పెత్తనం ఎవరిదో తెలుస్తుంది. పెత్తనం చేసేదాన్ని పక్కన పెట్టుకుంటే, అది చెవులు వెనక్కి వాల్చి సవారీ పోనీ మెడ మీదికి పళ్లు చాస్తుంది. సవారీ పోనీ దానికి దూరంగా జరుగుతూనే ఉంటుంది, మధ్యలో మీ చెయ్యి సాగుతుంది. పెత్తందారు మీ కిందే ఉంటే దాని తల పగ్గాలతో మీ అదుపులో ఉంటుంది.

ఇక ఎత్తు. గుర్రాల ఎత్తు మూపు దగ్గర కొలుస్తారు, హ్యాండ్లలో చెబుతారు. ఒక హ్యాండ్ 4 అంగుళాలు, అంటే సుమారు 10 సెంటీమీటర్లు. 14 హ్యాండ్లదానికీ 11 హ్యాండ్లదానికీ మూపు దగ్గరే 30 సెంటీమీటర్ల తేడా. పొడుగుదాన్నెక్కి పొట్టిదాన్ని నడిపిస్తే తాడు ఏటవాలుగా కిందికి దిగుతుంది. మీరు తెలియకుండానే ఆ పక్కకు వంగుతారు, జీను కూడా అటే జరుగుతుంది. ఇది సర్దుకోగలిగిన ఇబ్బందే. పొట్టిదాన్నెక్కి పొడుగుదాన్ని నడిపించడం మాత్రం మేము సలహా ఇవ్వం. అది తల ఎత్తిందంటే మీ చెయ్యి పైకి లేస్తుంది, చేతితో పాటు మీరూ జీను మీంచి లేస్తారు.

సామాను

సవారీ పోనీకి రోజూ వాడే జీను, కళ్ళెం చాలు. దానితోపాటు మెడ చుట్టూ ఒక తోలు పట్టీ వేయండి. పగ్గాలు ఒకే చేతిలో ఉన్నప్పుడు, తూలితే పట్టుకోవడానికి అదే ఆధారం. పొట్ట పట్టీ ఎక్కాక మళ్లీ ఒకసారి చూసుకోవాలి. పక్కకు లాగుడు ఉండే పని కాబట్టి వదులు జీను ఇట్టే తిరిగిపోతుంది.

పక్క పోనీకి, కంచె ఉన్న మైదానంలో సాధువైనదైతే గట్టి హెడ్‌కాలర్, అంటే బిట్ లేని తలకట్టు, సరిపోతుంది. బయటికి వెళ్లేటప్పుడు బిట్ (నోట్లో ఉండే లోహపు కడ్డీ) ఉన్న కళ్ళెం వేయాలి. తాడు కొక్కేన్ని మీ వైపున్న బిట్ రింగుకు ఒక్కదానికే తగిలిస్తే, లాగినప్పుడు బిట్ మొత్తం నోట్లోంచి పక్కకు జారి వస్తుంది. అలా కాకుండా తాడు కొసను మీ వైపు రింగులోంచి దూర్చి, గడ్డం కింద నుంచి తీసుకెళ్లి, అవతలి రింగుకు తగిలించండి. అప్పుడు పట్టు రెండు వైపులా పడుతుంది. ఈ పద్ధతి గడ్డాన్ని నొక్కుతుంది, చెయ్యి మెత్తగా ఉండాలి. దాని పగ్గాలు తీసేయడం మేలు. తీయలేకపోతే మెలితిప్పి గొంతు పట్టీలో ఇరికించండి.

పొట్టి పోనీల పొట్ట పీపాలా గుండ్రంగా ఉంటుంది. ఖాళీ జీను వేస్తే దారిలో కిందికి తిరిగి, కాళ్ల మధ్యకు వచ్చి, దాన్ని వెర్రెత్తిస్తుంది. అవసరం లేకపోతే జీను వేయకండి. వేస్తే రికాబులు పైకి జరిపి కట్టేయండి.

తాడు రెండున్నర నుంచి 3 మీటర్ల పొడవు, బొటనవేలంత మందం, నూలుది అయితే మంచిది. నైలాన్ తాడు జారితే చేతొడుగుల్లోంచి కూడా మంట పుట్టిస్తుంది. కొసన ముడి వేయకండి, వదిలేయాల్సి వచ్చినప్పుడు అది వేళ్ల మధ్య అడ్డం పడుతుంది. వలయంలో తిప్పడానికి వాడే 7, 8 మీటర్ల శిక్షణ తాడు ఈ పనికి పనికిరాదు. మిగిలిన పొడవంతా కాళ్లకు చుట్టుకుంటుంది. హెల్మెట్, చేతొడుగులు, మడమ ఉన్న బూట్లు తప్పనిసరి. రెండింటి కాళ్లకూ రక్షణ పట్టీలు వేయండి. పక్కపక్కన నడిచేటప్పుడు ఒకదాని గిట్ట ఇంకోదాని కాలికి తగలడం మామూలే.

చేతులు

రెండు పగ్గాలూ పక్క పోనీకి అవతలివైపు చేతిలో ఉండాలి. ఎడమ చేత్తో పట్టేవాళ్లయితే ఎడమ పగ్గం చిటికెన వేలికీ ఉంగరపు వేలికీ మధ్య నుంచి లోపలికి, కుడి పగ్గం పైనుంచి చూపుడు వేలి మీదుగా అరచేతిలోకి రావాలి. రెండింటి కొసల మీదా బొటనవేలు నొక్కి ఉంచాలి. కుడిచేత్తో పట్టేవాళ్లకు ఇదే, అటుది ఇటు.

తాడు పక్క పోనీ వైపు చేతిలో ఉంటుంది. మిగిలిన తాడుని ముందుకీ వెనక్కీ మడతలుగా, బట్ట మడిచినట్టు, అరచేతిలో పేర్చుకోండి. చేతి చుట్టూ చుట్టకూడదు. వలయాలుగా వేసి అందులో వేళ్లు దూర్చకూడదు. జీనుకు కట్టనే కట్టకూడదు. పోనీ ఒక్కసారి వెనక్కి గుంజితే చుట్టిన తాడు ఉచ్చులా బిగుస్తుంది. మడత పెట్టిన తాడు మాత్రం ఒక్కో మడతా జారుతుంది, మీకు ఆ అరక్షణం దొరుకుతుంది.

పక్క పోనీ తల మీ మోకాలికి సూటిగా ఉండాలి. మీ పట్టుకూ దాని గడ్డానికీ మధ్య తాడు మూడడుగులకు మించకుండా, నడుమ బెత్తెడు వంపు ఉండేలా చూడండి. తాడు బిగుతుగా ఉంటే అది మీ మీద వాలి నడవడం నేర్చుకుంటుంది. మరీ వదులైతే ముందుకాలు అందులో పడుతుంది. తాడు చేతిని తొడ మీద ఆనించి ఉంచితే భుజం నొప్పెట్టదు, చెయ్యి ఊగి దాని నోటిని కుదపదు.

మోకాలి హద్దు దాటి దాని తల ముందుకు పోతే, పిరుదులు బయటికి తిప్పి మీ ముందు అడ్డంగా నిలబడగలదు. వెనకబడితే తాడు మీ తుంటి వెనక్కి పోతుంది, చెయ్యి వెనక్కి చాచి మెలితిరుగుతుంది. రెండింటిలో రెండోదే ప్రమాదం.

మొదటి పాఠాలు

20 మీటర్ల వెడల్పు, 40 మీటర్ల పొడవున్న కంచె మైదానం, తోడుగా ఒక మనిషి ఉంటే బాగుంటుంది. ముందు మీరు సవారీ పోనీ ఎక్కి ఉండండి, తోడు మనిషి పక్క పోనీని పట్టుకుని మీ పక్కన నడవాలి. రెండు చుట్లు అయ్యాక తాడు మీకు అందించి, మరో రెండు చుట్లు ఊరికే పక్కన నడిచి, తర్వాత తప్పుకోవాలి.

తోడు లేనప్పుడు ఎక్కడానికి ఎత్తు దిమ్మ వాడండి. ఎడమవైపు నుంచి ఎక్కుతాం కాబట్టి పక్క పోనీని కుడివైపున నిలబెట్టి, తాడుని సవారీ పోనీ మూపు మీదుగా మీ చేతిలోకి తెచ్చుకుని ఎక్కాలి. దాన్ని ఎడమకు మార్చాలంటే ఎక్కాక, నిలబడి ఉండగానే, ముందు నుంచి చుట్టూ రప్పించండి. వెనక నుంచి ఎప్పుడూ తిప్పకండి.

కదిలేటప్పుడు మొదట మాట, తర్వాత మడమ. పక్క పోనీ మాటకు కదిలాకే సవారీ పోనీకి కాలు ఇవ్వాలి. చాలామంది దీన్నే తలకిందులు చేస్తారు. కిందిది కదిలిపోతుంది, పక్కది నిలబడి ఉంటుంది, మొదటి అడుగుకే తాడు గుంజుకుంటుంది. ఆగేటప్పుడూ మాటే ముందు.

మలుపులు రెండు రకాలు. పక్క పోనీ వైపుకు తిరిగితే దానికి దారి తగ్గుతుంది, సవారీ పోనీ భుజం దాన్ని నెమ్మదిగా తోస్తుంది. నేర్చుకునే రోజుల్లో ఇదే సులువు. దానికి అవతలివైపు తిరిగితే అది బయటి చుట్టు నడవాలి కాబట్టి వెనకబడుతుంది. అందుకే ఆ మలుపు వెడల్పుగా తీసి, మలుపుకు మూడు నాలుగు అడుగుల ముందే మాటతో దాన్ని హుషారు చేయాలి. మాట చాలకపోతే తాడు చేతిలోనే మీటరు పొడవు సన్నటి బెత్తం పట్టుకుని, మీ కాలి వెనక నుంచి దాని పక్కకు తాకించండి. తాకిస్తే చాలు, కొట్టనక్కర్లేదు.

ఇంత అయ్యాకే ట్రాట్, అంటే నడకకు పై మెట్టైన జోరు నడక. అదీ మొదట్లో 20, 30 అడుగులే.

నడకల తేడాని ఎలా సర్దాలి

ముందు కొలవండి. సమంగా ఉన్నచోట 100 మీటర్లు గుర్తు పెట్టి, రెండింటినీ విడివిడిగా వాటి మామూలు నడకలో నడిపించి సెకన్లు లెక్కపెట్టండి. 60 సెకన్లు పడితే గంటకు 6 కిలోమీటర్లు, 72 పడితే 5. ట్రాట్‌కూ అంతే: 30 సెకన్లకు 12 కిలోమీటర్లు, 36 సెకన్లకు 10. పెద్దదానికి 56 సెకన్లు, చిన్నదానికి 72 సెకన్లు పట్టిందనుకోండి. చిన్నది 100 మీటర్లు పూర్తిచేసేసరికి పెద్దది 28 మీటర్ల ముందుంటుంది. తాడు చూస్తే మూడడుగులు. రోజూ ఆ గుంజుడు ఎక్కడి నుంచి వస్తోందో ఈ అంకెలే చెబుతాయి.

పెద్దదాన్ని పగ్గాలతో బిగబట్టి నెమ్మది చేస్తే అది తల ఎగరేసి, వీపు కుంగదీసి, ఉన్నచోటే గెంతడం మొదలుపెడుతుంది. దానికన్నా వలయాన్ని వాడుకోవాలి. చిన్నదాన్ని లోపలివైపు ఉంచుకుని 10 మీటర్ల వ్యాసార్ధంతో తిరగండి. మీ వలయం 62.8 మీటర్లు. చిన్నది మీకు ఒకటిన్నర మీటర్ లోపలగా నడిస్తే దాని వలయం 53.4 మీటర్లే, అంటే 15 శాతం తక్కువ. పై ఉదాహరణలో తేడాలో సగానికి పైగా అక్కడే తీరిపోతుంది, ఎవరి నోటినీ లాగకుండా. వలయం అంతకంటే చిన్నది చేయకండి, ఒకే వైపు రెండు మూడు చుట్లకు మించకండి. లోపలి కాళ్ల కీళ్ల మీద భారం పడుతుంది. మైదానంలోనైతే సగం సమయం అయ్యాక పక్క మార్చి అటు కూడా తిరగండి.

తిన్నని దారిలో పెద్దదానికి పొట్టి అడుగులు నేర్పాలి. కూర్చున్న తీరు బరువుగా చేసి, గాలి నెమ్మదిగా వదిలి, నాలుగడుగులు తగ్గించి మళ్లీ వదలండి. చిన్నదాని ట్రాట్‌కు పెద్దది నెమ్మది ట్రాట్‌లో సరిపోతే అదే మీకు కావాల్సిన జోరు. చెవి పెట్టి వినండి. చిన్నదాని గిట్టల చప్పుడు రెండు దెబ్బలుగా, టకటకా సమంగా వస్తున్నంతసేపు బాగున్నట్టే. అది మూడు దెబ్బలకు మారిందంటే అందుకోలేక క్యాంటర్‌లోకి, అంటే ట్రాట్‌కు పై మెట్టైన పరుగులోకి, పడింది. వెంటనే నడకలోకి దింపండి. రెండింటినీ కలిపి క్యాంటర్ చేయించాల్సిన అవసరం వ్యాయామం కోసం ఎప్పుడూ రాదు.

పెద్దదానికి పని తగ్గింది కదా అంటే, దాన్ని ఎత్తులో పూడ్చవచ్చు. రౌతుని మోస్తూ ఏటవాలు ఎక్కడం నడకలోనే గట్టి పని, చిన్నది వెంట ఖాళీ వీపుతో వస్తుంది. దిగేటప్పుడు మాత్రం ఎప్పుడూ నడకే. లేదా దారిని 8 అంకెలా వేసుకుని మధ్యలో శాల తగిలేలా చూడండి. మొదటి చుట్టు ఇద్దరితో 20 నిమిషాలు, చిన్నదాన్ని లోపల వదిలి రెండో చుట్టు పెద్దదానితో ఒంటరిగా 25 నిమిషాలు. వదిలేసినదానికి తోడుగా ఇంకో జంతువు ఉంటే సకిలింపులు తగ్గుతాయి. లేకపోతే సవారీ పోనీ ఆ పిలుపు వైపే వెనక్కి తిరుగుతుంది.

దమ్ము పెంచడం

చాలాకాలం ఖాళీగా ఉన్న పక్క పోనీతో మొదటి వారం రోజుకు 20 నిమిషాల నడక, వారానికి 4 రోజులు. రెండో వారం 30, మూడో వారం 40. నాలుగో వారం అదే 40లో నిమిషం చొప్పున రెండుసార్లు ట్రాట్, నేల మెత్తగా ఉన్నచోట. ఆరో వారానికి రెండేసి నిమిషాలు ఐదుసార్లు. ఏ వారమైనా అలిసినట్టు కనిపిస్తే ఆ వారమే మళ్లీ చేయాలి.

అలుపు కొలవడానికి నాడి చూడండి. కింది దవడ ఎముక లోపలి అంచు మీద తాడులా తగిలే రక్తనాళాన్ని మూడు వేళ్లతో మెత్తగా ఆనించి, 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చించాలి. పెద్ద గుర్రాలకు విశ్రాంతిలో నిమిషానికి 28 నుంచి 44, పోనీలకు కాస్త ఎక్కువ ఉండొచ్చు. ఊపిరి 8 నుంచి 16. పని ఆపిన 10 నిమిషాలకు నాడి 60 లోపుకి రాకపోతే ఆ పోనీకి ఆ రోజు పని ఎక్కువైనట్టే.

కొవ్వు పట్టిన పోనీలకు ల్యామినైటిస్ భయం ఉంటుంది, అంటే గిట్ట లోపలి పొరల వాపు. బయల్దేరే ముందు గిట్టలు తాకి చూడండి. వేడిగా ఉన్నా, గిట్టకు కాస్త పైన కాలి మీద నాడి కొట్టుకోవడం వేలికి గట్టిగా తెలుస్తున్నా, గట్టి నేల మీద అడుగు కుదించి జాగ్రత్తగా వేస్తున్నా వ్యాయామం మానేసి పశువైద్యుణ్ని పిలవాలి. నడిస్తే సర్దుకుంటుందనుకోవడం దానికి ద్రోహం చేయడమే.

తేడా వచ్చినప్పుడు

పక్క పోనీ ఉన్నట్టుండి మొరాయిస్తే లాగకండి. బరువులో మీరు గెలవరు, జీను మీంచి జారేది మీరే. తాడు మడతలు వదులుతూ, సవారీ పోనీని దాని వైపు తిప్పి, పక్కకు చేరి, మాటతో మళ్లీ కదిలించండి. తరచూ ఇలాగే చేస్తుంటే అది అలిసిందేమో, కాలు నొప్పేమో ముందు చూడాలి.

తోసుకుని ముందుకు పోతుంటే ఒకే పట్టున లాగి ఉంచడం వల్ల అది ఇంకా బలంగా లాగుతుంది. చిన్న గుంజు, వదులు, మళ్లీ గుంజు, వదులు. అప్పటికీ ఆగకపోతే దాని వైపు వలయం తీయండి.

అన్నిటికన్నా చెడ్డది తాడు సవారీ పోనీ తోక కిందికి పోవడం. పక్కది వెనకబడి, వెనక నుంచి అటువైపుకు దాటబోయినప్పుడు ఇది జరుగుతుంది. తోక కింద తాడు తగలగానే సవారీ పోనీ తోక బిగించేస్తుంది, నడుం పైకెత్తి ఎగురుతుంది. తాడు లాగితే ఇంకా బిగిస్తుంది. తాడు పూర్తిగా వదిలేసి, సవారీ పోనీని తిన్నగా ముందుకు నడిపించండి. తోక సడలగానే తాడు జారిపోతుంది.

ఎప్పుడు వదలాలన్నది ముందే నిర్ణయించుకోవాలి, ఆ క్షణంలో ఆలోచించే వ్యవధి ఉండదు. చెయ్యి తిన్నగా చాచుకుపోయి తుంటి వెనక్కి వెళ్లిందంటే వేళ్లు తెరిచేయండి. విడిపోయిన పోనీ చాలాసార్లు జతగాడి దగ్గరే తచ్చాడుతుంది. వెంటపడకుండా సవారీ పోనీని నిలబెట్టండి, అదే వస్తుంది. వాహనాల దారిలో ఈ మాట చెల్లదు. అందుకే కంచె లోపల కొన్ని వారాలు నిలకడగా నడిచాకే బయటి దారి పట్టాలి.

రోడ్డు మీద వాహనాలకూ పక్క పోనీకీ నడుమ మీరుండాలి. వాహనాలు ఎడమవైపు నడిచే దేశాల్లో పక్క పోనీ మీకు ఎడమన, కుడివైపు నడిచే దేశాల్లో కుడిన. రెండు చేతులకూ పని ఉంటుంది కాబట్టి సైగ చేయడం కష్టం. కూడళ్లు తక్కువున్న దారి ఎంచుకోండి, మెరిసే చొక్కా వేసుకోండి, చీకటి పడుతుంటే వెళ్లకండి. దారిలో గేటుంటే దిగి, రెండింటినీ దాటించి, వాటి తలలు మీవైపు తిప్పుకున్నాకే మూయండి.

తిరిగి వచ్చాక

చివరి 10 నిమిషాలు తాడు వదులుగా, మెల్లటి నడక. శాల కనబడగానే చిన్నది జోరందుకుంటుంది, అక్కడ తొందరపడనివ్వకండి. దిగేటప్పుడు తాడు చేతిలోనే ఉంచుకుని, రికాబులు పైకి జరిపి, పొట్ట పట్టీ రెండు రంధ్రాలు వదులు చేయండి. ముందు పక్క పోనీని లోపలికి పంపి తర్వాత సవారీ పోనీని విప్పడం సులువు.

కాళ్ల పట్టీలు విప్పాక లోపలి వైపు చేత్తో నిమిరి గీతలు, వాపు ఉన్నాయేమో చూడండి. పక్క పోనీ నోటి మూలల్లో, తాడు నొక్కిన గడ్డం కింద, హెడ్‌కాలర్ కట్టు ఆనిన చెంప ఎముక మీద వెంట్రుకలు రాలాయేమో చూడండి. రాలినట్టుంటే ఆ చోట కట్టు మార్చి, మానేదాకా దాన్ని నేల మీదే నడిపించండి.